తిరుపతి, చిత్తూరు నుంచి టెక్ ఉద్యోగంలోకి: మొదటి ఆఫర్ నుంచి ఆరేడేళ్ల అనుభవం దాకా ఏం చేయాలి

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, పాసై ఇంట్లో కూర్చున్నవాళ్లు, బెంగళూరులో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తూ జీతం కదలట్లేదని విసుగెత్తినవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఇప్పుడు ఏ కోర్సు చేస్తే మంచిది?" జావానా, డేటా సైన్సా, ఏఐయా, డెవాప్సా?

దానికన్నా ముందు ఇంకో ప్రశ్న వేసుకోండి. మీ మొహం తెలియని మనిషి ఒకరు మీరు చేసిన పనిని పది నిమిషాలు చూస్తే, "సరే, ఇతనికి పని వచ్చు" అనుకోగలరా? అలా చూపించడానికి మీ దగ్గర ఏముంది? కాలేజీలో ఉన్నప్పుడైనా, ఆరేళ్ల అనుభవం వచ్చాకైనా ఈ ప్రశ్న మారదు, చూపించాల్సిన పని మారుతుంది. కింద చెప్పే అడుగులన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

1. ముందు మ్యాప్ చూడండి

తిరుపతి నుంచి చెన్నై 135 కిలోమీటర్లు. చిత్తూరు నుంచి బెంగళూరు 180 దాకా. తిరుపతి నుంచి హైదరాబాద్ 550కి పైనే. అయినా పాస్ కాగానే మనవాళ్లు బ్యాగు సర్దేది అమీర్‌పేటకే. పక్కింటి అబ్బాయి వెళ్లాడు, బావ అక్కడే ఉన్నాడు, కోచింగ్ అంటే అదే అన్న లెక్క. నేర్చుకోవడానికి మాత్రమే అయితే హాస్టల్ అద్దె కట్టుకుని అంత దూరం పోవాల్సిన పని లేదు. ఐఐటీలు, ఐఐఎస్సీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, ఈ నాలుగూ అక్కడ చదివినవాడికి కోచింగ్ సెంటర్‌లో కొత్తగా దొరికేది తక్కువ. ఒంటరిగా కూర్చోలేమంటే ఇద్దరు ముగ్గురు కలిసి రోజూ ఒకే టైముకి జిల్లా లైబ్రరీలోనో, ఎవరి మిద్దె మీదనో కూర్చోండి.

ఇంటర్వ్యూల కోసం మాత్రం బెంగళూరు, చెన్నై వైపు చూడండి. శనివారం వాక్‌ఇన్ ఉందంటే తెల్లవారుజామున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరొచ్చు. రెజ్యూమేలో ఊరు తిరుపతి అని రాసినా, పక్కనే "బెంగళూరు, చెన్నైలలో వెంటనే చేరగలను" అని ఒక మాట పెట్టండి.

ఈసీఈ, ట్రిపుల్ ఈ, మెకానికల్ చదివినవాళ్లకు ఇంకో మాట. అందరూ జావా వైపు పరుగెత్తుతున్నారని మీరూ పరుగెత్తకండి. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి కంపెనీల ప్లాంట్లు ఉన్నాయి. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి. కరకంబాడిలో అమరరాజా ఎప్పటి నుంచో ఉంది. ఇలాంటి చోట్ల లైన్ నడిపే పీఎల్‌సీలు (మెషీన్లను అదుపు చేసే చిన్న కంప్యూటర్లు), వాటి నుంచి డేటా లాగే సాఫ్ట్‌వేర్, టెస్టింగ్ జిగ్‌లు (తయారైన వస్తువును పరీక్షించే సెటప్‌లు), క్వాలిటీ లెక్కలు చూసే మనుషులు కావాలి. మెషీన్ తెలిసి, కొంచెం పైథాన్, కొంచెం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు తీసే భాష) వచ్చినవాళ్లు తక్కువ. మొదటి జీతం బెంగళూరు సాఫ్ట్‌వేర్ జీతం కన్నా తక్కువ ఉండొచ్చు, కానీ ఇంటి నుంచే పోయి రావచ్చు.

2. ఒకే ఒక ప్రాజెక్ట్, కానీ ఎవరో ఒకరు నిజంగా వాడేది

ఒక భాష (జావా గానీ, పైథాన్ గానీ, జావాస్క్రిప్ట్ గానీ), ఒక డేటాబేస్, గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుంచే టూల్), కాస్త లినక్స్. మొదలుపెట్టడానికి ఇంతే. ఏ భాష అన్నదాని మీద వారాల తరబడి వాదించుకోవడం టైం వేస్ట్.

ఇక ప్రాజెక్ట్. లైబ్రరీ మేనేజ్‌మెంట్, స్టూడెంట్ అటెండెన్స్, ఫుడ్ డెలివరీ యాప్‌కి నకలు: ఇంటర్వ్యూ చేసేవాళ్లు వీటిని ఎంతగా చూసి ఉంటారంటే పేరు వినగానే తర్వాతి ప్రశ్నకు పోతారు. మన జిల్లాల్లో కళ్ల ముందే అసలైన సమస్యలు ఉన్నాయి. ఒకటి దగ్గరగా చూద్దాం.

దామలచెరువు మామిడి మండీనే తీసుకోండి. సీజన్‌లో తోతాపురి కాయ లారీలు, ట్రాక్టర్లలో దిగుతుంది. వేబ్రిడ్జ్ చీటీ, టన్ను ధర, మండీ కమీషన్, లారీ బాడుగ, రైతు ముందే తీసుకున్న అడ్వాన్స్, ఇవన్నీ పోను చేతికి ఎంత? ఇప్పటికీ చాలాచోట్ల ఇది పుస్తకంలోనో, ఎక్సెల్‌లోనో నడుస్తుంది. మీకు తెలిసిన ఒక మండీ ఆయన కోసం దీన్ని రాయడం మొదలుపెడితే, పుస్తకంలో కనబడని ప్రశ్నలు వరసగా వస్తాయి.

మొదటిది, రైతును ఎలా గుర్తుపట్టాలి? వెంకటేశులు అన్న పేరు ఒకే మండీలో నలుగురికి ఉంటుంది. ఫోన్ నంబర్‌తో గుర్తుపడదామంటే, తండ్రీ కొడుకులు ఒకే నంబర్ ఇస్తారు, వచ్చే సీజన్‌కి ఆ నంబరే మారిపోతుంది. అంటే ప్రతి రైతుకూ మీరే ఒక ఐడీ ఇవ్వాలి. పేరు, ఫోన్ దానికి తగిలించిన వివరాలు మాత్రమే. డేటాబేస్‌లో ఇలాంటి ఐడీనే ప్రైమరీ కీ అంటారు. అదేంటని ఇంటర్వ్యూలో అడిగితే ఈ కథ చెప్పండి, నిర్వచనం అక్కర్లేదు.

రెండోది, డబ్బు. రూపాయలను ఫ్లోట్‌లో (దశాంశాలను దాదాపుగా మాత్రమే దాచే నంబర్ టైప్) పెట్టారనుకోండి. పైథాన్‌లో 0.1 + 0.2 కొట్టి చూడండి, 0.30000000000000004 వస్తుంది. సీజనంతా వందల చీటీలు కూడితే ఎక్కడో ఒక పైసా తేడా రావచ్చు, వచ్చిందంటే మండీ ఆయన మీ సాఫ్ట్‌వేర్‌ను ఆ రోజే పక్కన పెడతాడు. అందుకే మొత్తాలను పైసల్లో పూర్ణాంకాలుగానో, డెసిమల్ టైప్‌లోనో దాచాలి.

మూడోది, టైం. కాయ రాత్రంతా దిగుతూనే ఉంటుంది. మీ సర్వర్ యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక టైం) నడుస్తుంటే మన టైం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. తెల్లవారి నాలుగింటికి వేసిన చీటీ నిన్నటి తేదీలోకి పోతుంది, నిన్నటి ధర తగులుతుంది. రైతు గొడవ పడతాడు, అతనిదే న్యాయం.

నాలుగోది, తప్పు దిద్దడం. బరువు తప్పుగా ఎక్కితే పాత ఎంట్రీని చెరిపేయాలా? చెరిపేస్తే రేపు ఎవరు మార్చారని అడిగినప్పుడు సమాధానం ఉండదు. పాతదాన్ని రద్దు చేస్తూ ఒక ఎంట్రీ, సరైనది ఇంకో ఎంట్రీ వేయాలి. మన తాతలు చిట్టా పుస్తకంలో చేసిందీ ఇదే.

ఈ నాలుగూ పరిష్కరించి, ఒక మనిషి చేత వాడించి, అతను "ఈ బటన్ ఎక్కడుంది నాయనా, కనపడలే" అన్నాక స్క్రీన్ మార్చి, కోడ్‌ను గిట్‌హబ్‌లో (కోడ్‌ను నలుగురికీ చూపించే సైట్) పెట్టండి. రీడ్‌మీలో (కోడ్‌తో పాటు పెట్టే వివరణ ఫైల్) మూడు విషయాలు రాయండి: ఇది ఎవరి కోసం, ఎలా నడపాలి, ఏ సమస్యకు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు. మూడోదే అసలైనది. అసలు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అందులో పెట్టకండి, ఉత్తుత్తి డేటా పెట్టండి.

మామిడి కాకపోతే పాల కేంద్రం, చీటీల లెక్క, లాడ్జి గదులు, ఫోటో స్టూడియో ఆర్డర్లు. మీకు తెలిసిన మనిషి ఎవరి దగ్గర ఉంటే అది.

ఏఐ టూల్స్ వాడొచ్చా? వాడండి, ఆఫీసుల్లోనూ వాడుతున్నారు. షరతు ఒకటే: ఏ లైన్ మీద వేలు పెట్టి "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగినా చెప్పగలగాలి. చెప్పలేని కోడ్‌ను ఉంచుకోకండి.

3. రెజ్యూమే, ఇంగ్లిష్, కన్సల్టెన్సీలు

రెజ్యూమే ఒక పేజీ. తండ్రి పేరు, మతం, పెళ్లి అయిందా లేదా, చివర "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను", ఇవేవీ వద్దు. "జావా, మైఎస్‌క్యూఎల్, హెచ్‌టీఎంఎల్ తెలుసు" అన్న లైను అందరిదీ ఒకేలా ఉంటుంది. దాని బదులు "మామిడి మండీకి బిల్లింగ్ అప్లికేషన్ రాశాను; తప్పు ఎంట్రీలను చెరపకుండా రద్దు ఎంట్రీలతో దిద్దే పద్ధతి పెట్టాను; ఈ సీజన్‌లో ఒక వ్యాపారి వాడారు" అన్న అర్థం వచ్చేలా రాస్తే, చదివినవాళ్లకు అడగడానికి ప్రశ్న దొరుకుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం మీ దగ్గర ఉంది. ఇంటర్వ్యూను మీకు తెలిసిన దారిలోకి తెచ్చుకునే పద్ధతి ఇదే.

ఇంగ్లిష్ గురించి తెలుగు మీడియం వాళ్లకు ఉన్నంత టెన్షన్ అవసరం లేదు. గ్రామర్ తప్పుల వల్ల పోయే ఉద్యోగాల కన్నా, తప్పు వస్తుందేమోనని నోరు మూసుకోవడం వల్ల పోయేవి ఎక్కువ. మీ ప్రాజెక్ట్ గురించి పది వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. నెమ్మదిగా మాట్లాడండి. కోడింగ్ ప్రశ్న ఇచ్చినప్పుడు మౌనంగా ఆలోచించకుండా, ఏం ఆలోచిస్తున్నారో పైకి చెప్పండి.

ఇక ఫేక్ ఎక్స్‌పీరియన్స్. "లక్షో రెండు లక్షలో కట్టు, మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం, ప్రాక్సీ (నీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇవ్వడం) కూడా చూసుకుంటాం" అనే కన్సల్టెన్సీలు మీకు తగులుతాయి. వెళ్లినవాళ్లలో కొందరు నిలదొక్కుకున్నారు కూడా, ఆ కథలే మీ చెవిన పడతాయి. పడని కథలు వేరే ఉన్నాయి. పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) ఒకటే ఉంటుంది. ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో పడిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాంతో పాటు ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. చేరిన ఏడాది తర్వాత బయటపడినా తీసేస్తారు, రిలీవింగ్ లెటర్ ఇవ్వరు. అప్పుడు అబద్ధపు మూడేళ్లతో పాటు నిజంగా పనిచేసిన ఏడాది కూడా చూపించుకోలేరు. ఆఫర్ ఇవ్వడానికి డబ్బు అడిగినవాళ్లకు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామన్నవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి.

4. ఆఫర్ లెటర్ చదవడం

సీటీసీ (మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) 4 లక్షలు అంటే నెలకు 33,333 చేతికి వస్తుందని ఇంట్లో చెప్పేస్తారు. లెక్క వేసి చూడండి. బేసిక్ 15,000 అనుకుంటే, కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,800, సీటీసీలోనే కలిపి ఉంటుంది. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, దాదాపు 720. వేరియబుల్ పే 10 శాతం ఉంటే నెలకు 3,333. అది కంపెనీ ఇచ్చినప్పుడే. మిగిలిన 27,480లో మీ వాటా పీఎఫ్ మరో 1,800 కోస్తారు, బెంగళూరులో అయితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికి వచ్చేది 25,500 దగ్గర. ఇన్సూరెన్స్ కూడా సీటీసీలో కలిపితే ఇంకా తగ్గుతుంది. మోసమేమీ లేదు, లెక్క చెప్పే పద్ధతి అంతే. పీజీ అద్దె మాట్లాడుకునే ముందే ఈ లెక్క వేసుకోండి.

బాండ్ (ఇన్నాళ్లలోపు మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందం) ఉంటే పూర్తిగా చదవండి. "బాండ్లు కోర్టులో చెల్లవులే" అన్న మాట నమ్మకండి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం సమంజసమైన నష్టపరిహారం అడగొచ్చు. 2025లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో 2 లక్షల రూపాయల బాండ్‌ను సుప్రీంకోర్టు సమర్థించింది. ఎంత మొత్తం, ఎన్నాళ్లు, ట్రైనింగ్ నిజంగా ఇస్తున్నారా, నోటీస్ పీరియడ్ ఎంత? ఈ నాలుగూ తెలుసుకుని సంతకం పెట్టండి.

5. మొదటి రెండేళ్లు

సపోర్ట్ ప్రాజెక్ట్‌లో వేశారని, టెస్టింగ్‌లో వేశారని చాలామంది దిగులుపడతారు. సపోర్ట్‌లో కూర్చున్నవాళ్లకు ఒక లాభం ఉంది: సిస్టమ్ ఎక్కడ పగులుతుందో రాసినవాళ్ల కన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. లాగ్‌లు (సిస్టమ్ తాను చేసిన పనులను రాసుకునే ఫైళ్లు) చదవడం నేర్చుకోండి. వారానికి పదిసార్లు వచ్చే టికెట్‌కు (ఫిర్యాదుకు) ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, టీమ్‌కు చూపించండి. డెవలప్‌మెంట్‌లోకి మారడానికి మేనేజర్‌ను బతిమాలడం కన్నా ఇది మేలు.

సాయం అడగడం కూడా ఒక విద్య. "సర్, కోడ్ పని చేయట్లేదు, ఒకసారి చూస్తారా" అని మెసేజ్ పెడితే సీనియర్ దాన్ని సాయంత్రానికి వాయిదా వేస్తారు. ఇలా రాసి చూడండి: "పేమెంట్ రిపోర్ట్ నిన్నటి వరకు వచ్చింది, ఈరోజు ఖాళీగా వస్తోంది. లాగ్‌లో కనెక్షన్ టైమౌట్ అని ఉంది. డేటాబేస్‌కు నా మెషీన్ నుంచి నేరుగా కనెక్ట్ అవుతోంది, సర్వర్ నుంచి అవ్వట్లేదు. నిన్న రాత్రి ఫైర్‌వాల్ మార్పు జరిగిందని రిలీజ్ నోట్‌లో చూశాను. కారణం అదే అనుకుంటున్నాను, ఎవరిని అడగాలి?" ఇది చదివిన మనిషి ఒక్క లైన్‌లో జవాబు ఇవ్వగలరు. సగంసార్లు ఇలా రాస్తుండగానే సమాధానం మీకే దొరికిపోతుంది, పంపాల్సిన పనే ఉండదు.

మనవాళ్లకు ఉన్న ఇంకో అలవాటు: ఎప్పటికి అవుతుందని అడిగితే "సాయంత్రానికి అయిపోతుంది సర్" అనేయడం. పెద్దవాళ్ల ముందు కాదనలేని మర్యాద అది. ఆఫీసులో ఆ మర్యాద మిమ్మల్నే ముంచుతుంది. "సగం అయింది, మిగతాది రేపు మధ్యాహ్నానికి, ఫలానా టీమ్ జవాబు ఇస్తేనే" అని మధ్యాహ్నం మూడింటికే చెప్పిన జూనియర్‌ను మేనేజర్లు నమ్ముతారు. రాత్రి తొమ్మిదింటికి చెప్పినవాణ్ని నమ్మరు.

వారానికోసారి, శుక్రవారం సాయంత్రం, ఆ వారం ఏం చేశారో నాలుగు లైన్లు రాసుకోండి. ఏ సమస్య, మీరేం చేశారు, ఏం మారింది. కంపెనీ కోడ్, కస్టమర్ వివరాలు అందులోకి రానివ్వకండి. అప్రైజల్‌కు, తర్వాతి రెజ్యూమేకు మీ దగ్గర ఉండే సరుకు ఇదే. ఏడాది చివర గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ గుర్తురాదు.

6. మూడేళ్లు దాటాక

ఆ శుక్రవారం నోట్స్ తీసి చదవండి. గత ఏడాది రాసినవీ ఈ ఏడాది రాసినవీ ఒకేలా ఉంటే, ఒకే ఏడాది అనుభవాన్ని రెండుసార్లు సంపాదించినట్టు. జీతం పెరుగుతున్నా సరే, అప్పుడు కదలాలి. ముందు అదే కంపెనీలో వేరే టీమ్ అడగండి, తర్వాత బయట.

ఈ దశలో మీ నుంచి ఆశించేది మారుతుంది. జూనియర్‌కు "ఈ బటన్ పెట్టు" అని చెబుతారు. మీకు "రిఫండ్లు లేట్ అవుతున్నాయని కస్టమర్లు తిడుతున్నారు, చూడు" అని చెబుతారు. ఎక్కడ లేట్ అవుతోందో కొలవడం, రెండు మూడు దారులు వెతకడం, ఖర్చెంత, ఏది పగిలే అవకాశం ఉందో ఒక పేజీలో రాయడం, నలుగురిని ఒప్పించడం మీ పని. ఆ ఒక్క పేజీ రాయగలిగినవాళ్లే సీనియర్లు అవుతారు. కోడ్ కొట్టే పనిలో ఏఐ వాటా పెరిగేకొద్దీ, ఏది రాయాలో తేల్చేవాళ్ల విలువ, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసేవాళ్ల విలువ పెరుగుతోంది. జూనియర్ల కోడ్ రివ్యూను అడిగి మరీ తీసుకోండి.

మేనేజర్ అయితేనే ఎదిగినట్టు అని ఇంట్లో అనుకుంటారు. టెక్నికల్ దారిలోనే పైకి పోయే మెట్లు చాలా కంపెనీల్లో ఉన్నాయి. మనుషులతో రోజంతా మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు పెళ్లి సంబంధాల కోసం మేనేజర్ పోస్ట్ తీసుకోవద్దు.

తిరుపతికి వచ్చి ఇంటి నుంచే పని చేయాలనుకుంటే, వచ్చే ముందు మీ పనిని రాతలో కనబడేలా చేయడం అలవాటు చేసుకోండి. ఆఫీసులో ఎదురుగా కనిపించేవాళ్లను మేనేజర్ గుర్తుంచుకుంటారు. దూరంగా ఉన్నవాళ్లకు వాళ్లు పంపే అప్‌డేట్లే మొహం. రెండు వేర్వేరు ఇంటర్నెట్ కనెక్షన్లు, ఇన్వర్టర్ తప్పనిసరి. ఇంకో సమస్య ఈ ఊరికి ప్రత్యేకం. మీరు ఇంట్లో ఉంటున్నారని తెలిస్తే చుట్టాలందరి దర్శనం ఏర్పాట్లు మీ నెత్తిన పడతాయి. స్టాండప్ మీటింగ్ (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) నడుస్తుండగా "రేపటికి మూడొందల టికెట్ ఏమైనా దొరుకుతుందా అబ్బీ?" అని ఫోన్ వస్తుంది. పని గంటల్లో ఫోన్ సైలెంట్‌లో పెట్టి, సాయంత్రం మాట్లాడటం మొదటి వారం నుంచే అలవాటు చేయండి.

7. కంపెనీ మారేటప్పుడు

నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 60 నుంచి 90 రోజులు. కొత్త ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రిజైన్ చేయకండి. హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్పిన మాట ఆఫర్ కాదు. హైక్ మాట్లాడేటప్పుడు సీటీసీతో కాకుండా వేరియబుల్ తీసేసిన మొత్తంతో పోల్చండి. చివరి నెలలో పని అప్పజెప్పే డాక్యుమెంట్ శ్రద్ధగా రాయండి, రేపు మీ గురించి రిఫరెన్స్ అడిగితే వాళ్లకు గుర్తొచ్చేది అదే.

ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చే ముందు పేస్లిప్‌లన్నీ, ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్‌లో పెట్టుకోండి. పీఎఫ్ అకౌంట్‌లో ఉన్న ఫోన్ నంబర్ మీదేనా, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిపోయాయా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి క్లెయిమ్ ఆగిపోయినవాళ్లు చాలామంది. రిలీవింగ్ లెటర్ వచ్చాక పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి, ఎగ్జిట్ డేట్ పడిందో లేదో చూడండి. పాత కంపెనీ వేయకపోతే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత ఆ తేదీని మీరే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు.